చుక్క పెట్టని బోర్డు

పాత నగరం,
కోటగోడ వెనక సత్రం.

మా ఇంటి లాయరమ్మకి మీ వదిన రాసేది.

క్షేమంగా చేరాను. బస్సులో పక్కసీటావిడ దారిపొడుగునా నా భుజాన్ని దిండు చేసుకుని గుర్రు పెట్టింది. దిగేటప్పుడు "నీకు నిద్ర పట్టలేదా అమ్మా, పాపం" అని నన్నే ఓదార్చింది. ఇది అత్తయ్యకి చదివి వినిపించు, నవ్వుతుంది. మిగతాది నీకు.

ఫోను చెయ్యలేదని ఒంటికాలి మీద లేవకు. పక్కింటివాళ్ళ వరండాలో నిలబడి నువ్వొక మాట అంటే వీధి దానికి పది కలిపి పంచుకుంటుంది. ఉత్తరమే నయం.

ఊరి చుట్టూ పాత గోడ, నాలుగు వైపులా ఏనుగు దూరేంత గుమ్మాలు. లోపల సందులు మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాల్సినంత ఇరుకు. మేడల మీద చెక్కిన చెక్క కిటికీలు, వాటిని ఫోటోలు తీసుకునే పైఊళ్ళవాళ్ళు. రంగుల పండుగ ఇంకా రాలేదు గానీ ఊరికి అప్పుడే పూనకం పట్టింది. ప్రతి కొట్టు ముందూ గోనెపట్టా కప్పిన రంగుపొడి గుట్టలు. గాలి వీస్తే తుమ్ము కూడా గులాబీరంగులో వస్తోంది.

నాకు పని దొరికింది. బట్టల వీధిలో ఒక ముసలి టైలరు. చూపు ఆనక సూదిలో దారం నా చేత ఎక్కించుకుంటాడు, కాలరు మాత్రం నన్ను ముట్టుకోనివ్వడు. పండక్కి ఊరంతా తెల్లబట్టలే కట్టాలట. పాడు చేసుకోవడానికి కొత్తబట్టలు కుట్టించుకునే జనాన్ని ఇక్కడే చూశాను.

ఇక అసలు సంగతి. మన ఊరి బస్సు కండక్టరు తెచ్చి ఇచ్చిన ఫోటోలో ఉన్న కొట్టు కనుక్కున్నాను! అతను తన పెళ్ళాన్ని నిలబెట్టి ఫోటో తీసిన చోటే, ఆవిడ తల వెనక కనపడిన పాత్రల కొట్టు. బోర్డు మూల నల్లటి చుక్క. మీ అన్నయ్య తప్ప ఈ లోకంలో ఇంకే పెయింటరు కొట్టు బోర్డుకి దిష్టిచుక్క పెడతాడే? అక్షరాలన్నీ అయ్యాక, నిచ్చెన దిగే ముందు, ఉంగరం వేలు నల్లరంగులో ముంచి "నా బిడ్డకి ఏ కళ్ళూ తగలకూడదు" అనుకుంటూ పెట్టడం నేనెన్నిసార్లు చూడలేదూ. అది చూడగానే అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

ఒక్కటే. ఆయనెప్పుడూ ఎడమ మూలకి పెట్టేవారు, ఇక్కడ కుడి మూలకి ఉంది. ఏడాదిన్నర ఊళ్ళు పట్టుకు తిరిగిన మనిషికి అలవాటు మారదా ఏమిటి. అంతే అయ్యుంటుంది.

మా టైలరు కొట్టు ఎదురుగా గొడుగులు బాగుచేసే కొట్టుంది. దాని బోర్డు చూస్తే నవ్వాగదు. అక్షరాలన్నీ ముత్యాల్లా ఉండి, చివరి అక్షరం తోక మాత్రం కాలు జారి కాలవలో పడ్డట్టు కిందికి ఈడ్చుకుపోయింది. మీ అన్నయ్య చూస్తే ఆ పెయింటరు చెవి మెలిపెట్టి మళ్ళీ రాయించేవారు.

అత్తయ్య మాత్రలు మర్చిపోకు.

మీ వదిన.

*

ఇంటి నుంచి.

వదినా,

నీ ఉత్తరం ప్రెస్సుకే వచ్చింది. పుస్తకాలకి జిగురు పూస్తూ చదివాను, రెండు అట్టలు తలకిందులుగా అంటించాను. ఓనరు తిట్టాడు. ఆ తిట్లన్నీ నీ ఖాతాలోవే.

బస్సు కథకి అమ్మ నవ్వింది. చుక్క సంగతి చదివినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. "ఆ ఫోటో ఇలా ఇయ్యి" అని తీసుకుని దిండు కింద పెట్టుకుంది. సంతోషం వస్తే మన ఇంట్లో అందరికీ నోరు లేస్తుంది, అమ్మకి మాత్రం పడిపోతుంది కదా, అదే అనుకున్నాను.

రాత్రిళ్ళు అన్నయ్య వాటా అన్నం గిన్నెలో తీసి మూతపెట్టడం మానలేదు. పొద్దున్నే దాన్ని తినే పని ఇప్పుడు నా నెత్తిన పడింది. ఏడాదిన్నరగా నోరెత్తకుండా రోజూ ఆ చద్దన్నం ఎలా తిన్నావు తల్లీ? నీకో దణ్ణం.

పిన్ని నిన్న వచ్చింది. వస్తూనే "ఎన్నాళ్ళని ఆ పిల్ల బొట్టూ పూలూ పెట్టుకుని తిరుగుతుంది, నలుగురూ ఏమనుకుంటారు" అని మొదలెట్టింది. వానలకి వచ్చేస్తానని చెప్పి వెళ్ళినవాడు వానాకాలం పోయి చలికాలం కూడా దాటినా రాలేదంటే ఏమిటర్థం, అని ఆవిడ వాదన. నేను నోరు తెరిచేలోపే అమ్మ మంచంలోంచి లేచి కూర్చుంది. "నా కొడుకు బతికున్నాడో లేదో నేను చెప్పాలి. నేను చెప్పేదాకా నా కోడలి నుదుటి జోలికి వస్తే నీకూ నాకూ సరి" అంది. పిన్ని కాఫీ కూడా తాగకుండా పోయింది. నువ్వుంటే చూడ్డానికి కన్నుల పండుగగా ఉండేది.

అన్నయ్య కనపడగానే ముందు నా తరఫున ఒకటి వీపు మీద వెయ్యి. తర్వాతే ఏడుపులూ గీడుపులూ.

నీ లాయరమ్మ.

*

పాత నగరం,
టైలరు కొట్టు నుంచి.

ఏమే లాయరమ్మా,

అత్తయ్య పిన్నితో అన్న మాట చదివి కొట్లోనే ఏడ్చేశాను. ముసలాయన కంగారుపడి "వేలికి సూది గుచ్చుకుందా" అని అడిగాడు. అవునన్నాను.

ఇంకా చుక్కలు దొరికాయి! తాళాల కొట్టు, అద్దాల కొట్టు, కోట రెండో గుమ్మం పక్కన మందుల షాపు. అన్నిటికీ కుడి మూలే. మందుల షాపు ఆయన్ని అడిగితే "చుక్క పెట్టిన కొట్లకి బేరాలు బాగున్నాయమ్మా, ఇప్పుడందరూ చుక్క కావాలంటున్నారు" అన్నాడు. మీ అన్నయ్యకి ఇంత గిరాకీ అని తెలిస్తే అత్తయ్య గాల్లో తేలుతుంది.

ఆ పెయింటరు ఎక్కడుంటాడని అడిగాను. పండగైపోయిన పూటే దిగుతారట. ఈ ఊళ్ళో పండగనాడు మనుషులతో పాటు బోర్డులు కూడా రంగుల్లో స్నానం చేస్తాయి. ఎంత పట్టాలు కప్పినా ఆగదు. మర్నాటి నుంచి ప్రతి కొట్టువాడూ బోర్డు మళ్ళీ రాయించాల్సిందే. అందుకని చుట్టుపక్కల ఊళ్ళ పెయింటర్లంతా నిచ్చెనలు భుజాన వేసుకుని ఇక్కడికే చేరతారు. మీ అన్నయ్య ఈ ఊరికి ఎందుకొచ్చారో ఇప్పుడు తెలిసిందా? పని ఉన్నచోటికే ఆయన కాళ్ళు పోతాయి.

అందరి మొహాలూ రంగులో మునిగి ఉంటాయి, ఎలా పోలుస్తావు అంటావేమో. మొహం ఎవడిక్కావాలే. నిచ్చెన ఎక్కేటప్పుడు బ్రష్షుని చెవి వెనక పెట్టుకుంటారు చూడు, అది చాలు. ఆ బ్రష్షుకి కర్ర పగిలితే నేనే నీలం దారం చుట్టి ఇచ్చాను.

నాకూ ఒక తెల్లచీర ఇస్తానన్నాడు ముసలాయన, పండక్కి. వద్దన్నాను. వెర్రివాడు, ఆయనకేం తెలుసు. మీ అన్నయ్యని వెతుక్కోడానికి వచ్చి నేను తెలుపు కడతానా? నా ముదురు నీలం చీరే కడతాను.

ఆకలి వేస్తోందే. నిజంగా ఆకలి. నిన్న రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాను.

మీ వదిన.

*

ఇంటి నుంచి.

వదినా,

తొందరలో రాస్తున్నాను. అమ్మకి జ్వరం తగిలింది, కంగారేం లేదు, డాక్టరు చూశాడు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. నువ్వు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నావన్న చోట ఆపి, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఇంకోసారి అంది. కొడుకు సంగతి వదిలేసి నీ అన్నం సంగతి మూడుసార్లు విన్న అత్తగారు లోకంలో ఇంకెక్కడైనా ఉందా?

ఆఖరికి ఒక మాట రాయమంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "దొరికినా దొరక్కపోయినా పండగ చూసి వచ్చెయ్యమను. ఆ ఊళ్ళో ఎక్కువ కాలం ఉండొద్దను." ఎందుకే అంటే గోడవైపు తిరిగి పడుకుంది. జ్వరం మాటలు, పట్టించుకోకు.

లాయరమ్మ.

*

పాత నగరం,
కోటగోడ వెనక సత్రం.

చిరంజీవి ఆడపడుచుకి,

ఉభయకుశలోపరి. అత్తయ్యగారి ఆరోగ్యం కుదుటపడిందని తలుస్తాను.

పండుగ చాలా బాగా జరిగింది. తెల్లవారుతూనే డప్పులు మొదలయ్యాయి. మేడల మీద నుంచి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ పొడులు పోస్తుంటే కాసేపు ఆకాశం కనపడలేదు. ముసలివాళ్ళు కూడా పిచికారీలు పట్టుకుని పరుగులు తీశారు. పైదేశాల వాళ్ళు కెమెరాలకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని నవ్వుతూ తడిశారు. కోట మెట్ల మీద రంగునీళ్ళు కాలవలా పారాయి. అందరూ ఒకరికొకరు రంగు పూసుకుని కౌగిలించుకున్నారు. చూడదగ్గ వేడుక.

మీ అన్నయ్యగారి ఆచూకీ తెలియలేదు. ఇంకొన్నాళ్ళు ఉండి విచారించి వస్తాను.

మీ వదిన.

*

ఇంటి నుంచి.

వదినా,

ఈ ఉత్తరం ఎవరు రాశారు? చేతిరాత నీదే. మనిషి నువ్వు కాదు.

"ఉభయకుశలోపరి" ఏమిటి? నా పెళ్ళిచూపులకి వచ్చినవాడి తండ్రి కూడా అంత మర్యాదగా రాయలేదు. "చిరంజీవి" ఏమిటి? ఒక్క చోట వెక్కిరింపు లేదు. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. టైలరు ముసలాయన ఏమయ్యాడు? పండగనాడు గొడుగుల కొట్టు బోర్డు తోక ఇంకా సాగిందా? పెయింటర్లు నిచ్చెనలతో దిగుతారని అంత సంబరంగా రాశావే, దిగారా లేదా? ఆ చుక్కల పెయింటరు వచ్చాడా? వస్తే ఎవరు? రాకపోతే రాలేదని ఎందుకు రాయలేదు?

పండగ గురించి అంత రాసి, నీ నీలం చీర మీద ఏ రంగు పడిందో రాయలేదు. నువ్వు చీర సంగతి మర్చిపోయే మనిషివా?

అమ్మకి ఇది చదవలేదు. బాగుంది, వస్తుందట అని పైపైన చెప్పాను. నాకు మాత్రం నీళ్ళు నమలకుండా చెప్పు. నువ్వు దాస్తే నేను కనిపెట్టలేననుకున్నావా? పదకొండేళ్ళుగా ఒక చూరు కింద పడుకున్నవాళ్ళం.

లాయరమ్మ.

*

పాత నగరం.

లాయరమ్మా,

ఇది నువ్వొక్కదానివే చదువుకో. చదివి పొయ్యిలో పెట్టు.

మీ అన్నయ్య లేరే.

పండగనాడు మధ్యాహ్నం, జనం పలచబడ్డాక, రెండో గుమ్మం దగ్గర ఒకతను నిచ్చెన వేసి బోర్డు మీది పట్టా విప్పుతున్నాడు. తల నుంచి కాళ్ళ దాకా ఆకుపచ్చ రంగు. చెవి వెనక బ్రష్షు. నీలం దారం చుట్టిన బ్రష్షు. నేను ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. చొక్కా పట్టుకుని "ఏమండీ" అని లాగాను. అతను కిందికి చూశాడు. ఆ కళ్ళు మీ అన్నయ్యవి కావు.

"ఈ బ్రష్షు ఎక్కడిది?" అన్నాను.

"మా మేస్త్రిదమ్మా. మీరెవరు?"

"మీ మేస్త్రి ఎక్కడ?"

అతను నిచ్చెన దిగాడు. మొహం తుడుచుకున్నాడు. నా నుదుటికేసి చూసి, వెంటనే తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడంతోనే నాకు తెలిసిపోయింది. అయినా చెప్పించుకున్నాను.

పోయిన ఏడాది చుట్టుపక్కల ఊళ్ళలో ఇద్దరూ కలిసి పని చేసి, పండగ కాగానే ఇక్కడికి వచ్చారట. మీది ఏ ఊరు మేస్త్రీ అంటే "పని అయ్యాక తీసుకెళ్ళి మా అమ్మ చేతి అన్నం పెట్టిస్తాగా" అనేవారట తప్ప ఊరి పేరు చెప్పలేదట. ఈ ఊళ్ళో మొదటి బోర్డు రాస్తుండగానే, నిచ్చెన కింద రాయి తడిసి ఉంది, జారింది. ఆసుపత్రిలో రెండ్రోజులు ఉన్నారు. తెలివి వచ్చినప్పుడల్లా "ఆఖరి అక్షరం చెడిపోయింది, సరిచెయ్యాలి" అన్నారట. ఎవరికి కబురు పెట్టాలో తెలియక పెయింటర్లే తలా ఒక చెయ్యి వేసి సాగనంపారు. దిష్టిచుక్క అలవాటు ఇతను మీ అన్నయ్య దగ్గరే నేర్చాడట. ఇతను ఎడమచేతి వాటం మనిషి, అందుకని కుడి మూలకి పెడతాడు.

"ఎక్కడ పడ్డారు?" అని అడిగాను. చూపిస్తాను రమ్మని నడిచాడు. నేను రోజూ నడిచే సందే. నేను రోజూ కూర్చునే కొట్టు దాటి, ఎదురుగా ఆగాడు.

గొడుగుల కొట్టు.

ఆ తోక సాగిన అక్షరం. నేను నవ్విన అక్షరం. నీకు రాసి మరీ నవ్వించిన అక్షరం. అది ఆయన పడిపోతూ గీసిన గీత. ఊరంతా చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను. దానికి చుక్క లేదు. చుక్క ఆఖర్న కదా పెడతారు. కొట్టు ఆయన ఆ బోర్డుని తుడిపించలేకపోయాడట, మనిషి పోయిన గీత అని. ఈ పండక్కి కూడా దానికి మాత్రం రెండు పట్టాలు కప్పాడు.

నెల్లాళ్ళు దాని ఎదురుగా కూర్చుని తెల్లబట్టలు కుట్టాను.

చీర సంగతి అడిగావు కదా. నీలం మీద ఏ రంగూ కనపడలేదే. అన్నీ మురికిలాగే ఉన్నాయి.

మర్నాడు అద్దం ముందు నిలబడ్డాను, పెట్టుకోవాలా వద్దా అని. పెట్టుకున్నాను. అత్తయ్యకి ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. ఫోటో దిండు కింద పెట్టుకున్న మనిషి ఆవిడ. చెప్తే ఆ పూటే పోతుంది. ఆవిడ ఉన్నన్నాళ్ళు నేను ఆయన పెళ్ళాన్నే. నువ్వు ఏడిస్తే పెరట్లో ఏడువు, ఆవిడకి వినపడకుండా.

మీ వదిన.

*

ఇంటి నుంచి.

వదినా,

పెరట్లోనే చదివాను. పంపు తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. మొహం కడుక్కుని లోపలికి వస్తే అమ్మ మంచంలో లేచి కూర్చుని ఉంది.

"ఎత్తు నుంచి పడ్డాడా?" అంది.

ఏమిటే నువ్వు మాట్లాడేది అన్నాను. దిండు కింద నుంచి ఫోటో తీసి నా చేతిలో పెట్టింది.

"వాడికి చంటితనంలో ఎడమ బుగ్గకి చుక్క పెట్టేదాన్ని. ఒకసారి కుడి బుగ్గకి పెడితే చెరిపేసుకుని ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చాడు. వాడు కుడి మూలకి చచ్చినా పెట్టడు" అని, నాలుక కరుచుకుంది. "వాడి చుక్క ఇంకొకడు పెడుతున్నాడంటే వాడు పెట్టట్లేదనేగా. కండక్టరు ఫోటో తెచ్చిన రోజే అనుకున్నాను."

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు, వదినని అంత దూరం ఎందుకు వెళ్ళనిచ్చావు అని కేకలేశాను. నిజం చెప్తున్నా వదినా, కన్నతల్లి అని కూడా చూడలేదు.

"ఫోటో చూసిన రాత్రి అది కడుపునిండా తిందే. ఎన్నాళ్ళకో! ఇంక నాకు నోరెలా వస్తుంది? వెళ్తే నాలుగు రోజులు ఆశతో తింటుంది, రంగులు చూస్తుంది, దొరకలేదని తిరిగొస్తుంది అనుకున్నాను. నిజం ఎదురుపడుతుందని అనుకోలేదు" అంది. ఫోటో నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ దిండు కింద పెడుతూ, "నొప్పి పడ్డాడా?" అంది. లేదన్నాను. వెంటనే పోయాడన్నాను. అక్షరం సంగతి నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నాకు తెలిసినట్టు కోడలికి చెప్పకు అని ఒట్టు వేయించుకుంది. "నేను కొడుకు కోసం ఎదురుచూస్తున్నంత కాలమే దాని బొట్టు మీద ఎవరి నోరూ లేవదు" అంది. ఆ ఒట్టు ఇప్పుడే గట్టున పెట్టాను. నువ్వు ఆవిడ కోసం నటించి, ఆవిడ నీ కోసం నటించి, మధ్యలో కూర్చుని రోజూ అన్నం తినాల్సింది నేను. ఇద్దరి అబద్ధాలూ మొయ్యడానికి నా దగ్గర అంత ఓపిక లేదు. చచ్చిపోయింది నా అన్నయ్య కూడా కదా.

వచ్చెయ్యి. ఏం చేద్దామో నువ్వే చెప్పు. నాకు వాదించడానికి ఏమీ మిగల్లేదు.

నీ ఆడపడుచు.

*

పాత నగరం,
బయల్దేరే ముందు.

అత్తయ్యకి మీ కోడలు నమస్కరించి రాసేది.

లాయరమ్మా, ఇది గట్టిగా చదివి వినిపించు. పిన్ని వచ్చి ఉంటే ఆవిడ్ని కూడా కూర్చోబెట్టి చదువు.

అత్తయ్యా, మీ అబ్బాయి ఈ ఊళ్ళో పని చేసిన మాట నిజమే. నేను వచ్చేసరికే ఇంకో ఊరు వెళ్ళారట. ఆ ఊరి పేరు ఎవరికీ తెలియదన్నారు. పెద్ద పని అట, ఇప్పట్లో తెమలదట. ఇక్కడ అందరూ ఆయన్ని మేస్త్రీ మేస్త్రీ అని ఎంతో గౌరవంగా చెప్పుకుంటున్నారు. తోటి పెయింటరు ఒకతను, మేస్త్రి ఇల్లు ఇన్నాళ్ళకి తెలిసిందని, ఒకసారి వచ్చి మీ చేతి అన్నం తింటానన్నాడు. వస్తే పెట్టండి.

నేను చూసిన చుక్కలన్నీ కుడి మూలవే అని మీకు బెంగగా ఉండి ఉంటుంది. ఎడమ మూలకి పెట్టిన బోర్డు కూడా ఒకటుంది అత్తయ్యా. గొడుగులు బాగుచేసే కొట్టుది. అక్షరాలు మీ అబ్బాయివే. చుక్క పొద్దున్న చూసి వస్తున్నాను, రంగు ఇంకా పచ్చిగానే ఉంది. బ్రష్షుతో కాదు, ఉంగరం వేలితో పెట్టిందే. నల్లరంగు ఒక పట్టాన గోటిలోంచి వదలడం లేదు.

ముసలి టైలరు తెల్లచీర మళ్ళీ ఇవ్వబోయాడు. వద్దని చెప్పి, ఎర్ర రవికల గుడ్డ అడిగి పుచ్చుకున్నాను. లాయరమ్మకీ నాకూ సరిపోతుంది.

ఈ ఉత్తరం ఇవాళ్టి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, నేను రేపు సాయంత్రం బస్సుకి దిగుతాను. మీరు గుమ్మంలో నిలబడకండి, జ్వరం తిరగబెడుతుంది. రాత్రి ఆయన వాటా ఎప్పటిలాగే తీసి ఉంచండి. పొద్దున్నే నేను తింటాను.

మీ కోడలు.